బాడీ షాప్ పని బాగాలేదు, సంతకం కూడా పెట్టేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందుగా మీ సమస్య నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మియాపూర్ దగ్గర యూటర్న్‌లో ఒక బస్సు రాసుకుపోయి మీ మూడేళ్ళ సిల్వర్ కారు ఎడమవైపు రెండు తలుపులు, వెనక చక్రం పైనున్న ప్యానెల్ దెబ్బతిన్నాయి. క్యాష్‌లెస్ క్లెయిమ్‌లో, అంటే బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టే పద్ధతిలో, ఒక బాడీ షాప్‌కి (సొట్టలు తీసి పెయింట్ వేసే చోటు) ఇచ్చారు. వారమన్నది 18 రోజులు పట్టింది. సాయంత్రం ఏడింటికి వెళ్ళి, పని తృప్తిగా ఉందన్న కాగితం మీద సంతకం పెట్టి బండి తెచ్చుకున్నారు. తెల్లారి ఎండలో చూస్తే ముందు తలుపు ఒక రంగు, వెనక తలుపు ఒక రంగు. మూడు వారాలకి చక్రం పైన చిన్న చిన్న పొక్కులు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభై దాటితే వెనక తలుపు దగ్గర గాలి హోరు. అడిగితే "సిల్వర్ అంటే ఇంతే సార్, తీసుకురండి, పాలిష్ కొట్టిస్తాం" అంటున్నారు.

నేను పదకొండేళ్ళు బాడీ షాపుల్లో పనిచేశాను. మొదట పెయింట్ సెక్షన్‌లో, తర్వాత ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా. ఆ తర్వాత మోటార్ సర్వేయర్ లైసెన్స్ తీసుకున్నాను, అంటే క్లెయిముల్లో బండి నష్టాన్ని అంచనా వేసే పని. కాబట్టి మీకు చెప్తున్న సాకులు ఒకప్పుడు నేనూ చెప్పినవే.

షాప్‌కి వెళ్ళి "పని బాగాలేదు" అని మాత్రం అనకండి. బాగుందా లేదా అన్నది అభిప్రాయం, దానికి వాళ్ళ దగ్గర పాలిష్ మెషిన్ సిద్ధంగా ఉంటుంది. "వెనక ఎడమ ప్యానెల్ మీద, చక్రం అంచుకి నాలుగంగుళాల పైన, పెసర గింజంత పొక్కులు తొమ్మిది" అనండి. అప్పుడది లోపం. దాన్ని పాలిష్‌తో దాటేయలేరు. మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు తప్పులు. మూడింటికీ కారణం వేరు, మందు వేరు. అన్నీ కలిపి ఒకే గొడవ చేస్తే వాళ్ళు సులువైన దాన్ని సరిచేసి మిగతావి మరిపిస్తారు.

పొక్కుల సంగతి మొదట చెప్తాను, మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. సొట్ట తీసిన చోట రేకు పూర్తిగా సాఫీగా రాదు, పైన పుట్టీ పూస్తారు. మా పాతకాలం మేస్త్రీలు లప్పం అనేవాళ్ళు. ఆరిన పుట్టీ స్పంజి లాంటిది, తడి తగిలితే పీల్చుకుంటుంది. దాన్ని పొడిగానే రుద్ది, ప్రైమర్ వేసి మూసేసి, అప్పుడు వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) పట్టాలి. తొందరలో ఉన్న పెయింటర్ నేరుగా పుట్టీ మీదే నీళ్ళు పోసి రుద్దేస్తాడు, దుమ్ము లేవదు, పని త్వరగా అవుతుంది. లోపలికి వెళ్ళిన ఆ తడి బండి ఎండలో నిలబడ్డాక ఆవిరై పెయింట్‌ని పైకి తోస్తుంది. ఇంకో కారణం కంప్రెసర్. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరై ట్యాంక్ అడుగున చేరుతుంది. రోజూ పొద్దున్నే కింద కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదలాలి. వానాకాలంలో అయితే పూటకోసారి. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో మేమూ మరిచిపోయేవాళ్ళం, ఆ నీటి తుంపర స్ప్రే గన్‌లోంచి నేరుగా పెయింట్‌లోకి వెళ్ళేది. కారణం ఈ రెండిట్లో ఏదైనా సరే, పొక్కు ఉన్నది పైపొర కింద. పాలిష్ పైపొరనే అరగదీస్తుంది, అంటే ఉన్న రక్షణ కూడా పోతుంది. ఆ ప్యానెల్ రేకు దాకా గీకి మళ్ళీ మొదటినుంచి వేయాల్సిందే. వేరే మందు లేదు. ఒక జాగ్రత్త: కుతూహలం కొద్దీ సూదితో పొడిచి చూడకండి. నీళ్ళు వస్తాయి నిజమే, కానీ మర్నాడు "మీరే పాడుచేశారు" అంటారు.

రంగు తేడాకి అందరూ మిక్సింగ్‌ని తిడతారు. బండి రంగు కోడ్ ప్రకారం మెషిన్‌లో కలిపిన రంగు చాలావరకు సరిగ్గానే ఉంటుంది. తేడా వచ్చేది చేతిలో. సిల్వర్‌లో మెరిసేది అల్యూమినియం రేణువులు. గన్ దగ్గరగా పట్టి తడిగా కొడితే అవి అడుక్కి దిగి రంగు ముదురుగా కనిపిస్తుంది, దూరం నుంచి పొడిగా కొడితే పైనే నిలిచి తెల్లగా కనిపిస్తుంది. ఒకే డబ్బాలోని రంగుతో ఇద్దరు మనుషులు రెండు తలుపులు కొడితే రెండు రంగులు రావచ్చు. మీ బండికి అదే జరిగి ఉంటుందని నా అనుమానం. "సిల్వర్ అంటే ఇంతే" అన్న మాటలో నిజం కొంతే. సిల్వర్ కష్టమైన రంగు, అందుకే మంచి షాపులో దెబ్బతిన్న తలుపు మీదే ఆపకుండా పక్క ప్యానెల్‌లోకి రంగుని పలచబరుస్తూ తీసుకెళ్ళి, ఆ ప్యానెల్ మొత్తానికి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పైపొర) వేస్తారు. బ్లెండింగ్ అంటారు దీన్ని. మీ బండికి ఎడమ ముందు ఫెండర్ (ముందు చక్రం పైనున్న రేకు) మీద బ్లెండింగ్ చేయాలి. చేసి ఉండరు, ఎందుకంటే ఫెండర్‌కి దెబ్బ లేదు, ఇన్సూరెన్స్ ఆమోదించిన ఎస్టిమేట్‌లో అది ఉండదు, ఆ ఖర్చు షాప్ భరించాలి. రీవర్క్ (పని మళ్ళీ చేయడం) అడిగేటప్పుడు ఈ ఒక్క మాట పేరు పెట్టి అడగండి, వినేవాడి ముఖం మారుతుంది.

రంగుని చూసే పద్ధతి కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు, అన్నీ మెరుస్తాయి. ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఏదైనా బిల్డింగ్ నీడలో బండి పెట్టి, ఒకసారి ఎదురుగా నిలబడి, ఒకసారి వెనక లైటు దగ్గర నిలబడి ఏటవాలుగా చూడండి. ఎదురుగా కలిసి, ఏటవాలుగా విడిపోతే రేణువుల సమస్య. రెండువైపులా విడిపోతే రంగే తప్పు. బంపర్‌కీ ఫెండర్‌కీ కాస్త తేడా ఉంటే పట్టించుకోకండి, ప్లాస్టిక్ మీద, రేకు మీద రంగు కొత్త బండికే కొంచెం వేరుగా కనిపిస్తుంది. మీ రెండు తలుపులూ రేకే, ఆ సాకు ఇక్కడ చెల్లదు.

ఇక గాలి హోరు. మీరు దీన్ని చివర్లో ఒక్క లైనులో రాశారు. నాకైతే మూడింట్లో టెన్షన్ పెట్టేది ఇదే. రంగు కంటికి కనిపించే తప్పు. ఇది లోపల ఏదో ఉందని చెప్తున్న తప్పు కావచ్చు. కాకపోవచ్చు కూడా. తలుపు రబ్బరు సరిగా కూర్చోకపోయినా, తాళం పట్టే కొక్కెం రెండు మిల్లీమీటర్లు జరిగినా ఇదే శబ్దం వస్తుంది, అరగంట పని. కానీ బస్సు రాసుకున్న దెబ్బ రెండు తలుపుల మధ్య నిలువు స్తంభానికీ, కింద గడప భాగానికీ తగిలి ఉంటే, దాన్ని సరిగా లాగకుండా తలుపుని మాత్రం సర్ది బిగించి ఉంటే, అది వేరే కథ. పక్కనుంచి గుద్దితే లోపలివాళ్ళని కాపాడేవాటిలో ముఖ్యమైనది ఆ స్తంభం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక కాగితం ముక్క తలుపు అంచున పెట్టి మూసి లాగండి. చుట్టూ పది చోట్ల అలా చేయండి. కాగితం బిగుసుకోకుండా జారిపోయే చోట రబ్బరు ఆనడం లేదు. కుడివైపు తలుపుతో అదే చేసి పోల్చండి. తలుపు చుట్టూ సందు పైనా కిందా ఒకేలా ఉందా చూడండి. రబ్బరుని కాస్త లాగి దాని కింద రేకు చూడండి, కొత్త సీలెంట్ వంకరటింకరగా పూసి ఉన్నా, వెల్డింగ్ గుర్తులున్నా ఫొటో తీయండి. పైనుంచి పైపుతో నీళ్ళు కొట్టించి లోపల మ్యాట్ తడుస్తుందేమో చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా బండిని అదే షాప్‌కి వెంటనే ఇవ్వొద్దు. ముందు వేరే చోట చూపించి రాయించుకోండి. రంగు పని మళ్ళీ వాళ్ళతోనే చేయించుకోవచ్చు, స్తంభం సంగతి దాచినవాడి చేతికి మళ్ళీ అదే స్తంభం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

పుట్టీ ఎంత మందంగా పూశారో తెలుసుకోవాలంటే పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటుంది. పాత కార్లు కొని అమ్మేవాళ్ళ దగ్గర ఇది చాలాసార్లు ఉంటుంది. ఫ్యాక్టరీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). మళ్ళీ వేసిన పెయింట్ 200, 300 చూపించినా తప్పు కాదు. వెయ్యి దాటితే కింద పుట్టీ దిట్టంగా ఉన్నట్టు. బిల్లులో "తలుపు మార్చాం" అని రాసి మీటర్ వెయ్యి చూపిస్తే, మీకు ఇంకో పెద్ద ప్రశ్న దొరికినట్టే, కొత్త తలుపుకి అంత పుట్టీ ఎందుకు? మీటర్ దొరక్కపోతే ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు, రేకుకి టక్కున అతుక్కునేది పుట్టీ దిట్టంగా ఉన్న చోట జారుతుంది. కీలు బోల్టులు కూడా చూడండి, పాన తిప్పిన గుర్తు లేకపోతే తలుపు దిగలేదు.

ఇదంతా డెలివరీ రోజునే చూసుకోవాల్సింది కదా అని మీరు బాధపడుతున్నారు. బాధపడకండి. సాయంత్రం ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. ట్యూబ్‌లైట్ల కింద సిల్వర్ తేడాలు కలిసిపోతాయి. బండి కడిగి తడిగా ఉండగానే తాళాలు చేతిలో పెడతారు, తడి మీద గీతలూ దుమ్ము చుక్కలూ కనిపించవు. మా బావగారి కారు ఒక షాపులో ఇచ్చినప్పుడు నేనే వెళ్ళి, వానలో, రాత్రి ఎనిమిదింటికి, "అంతా ఓకే" అని తెచ్చాను. మర్నాడు వెనక డిక్కీ మీద పెయింట్ కారిన చారలు చూసి బావగారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ సంతకం వల్ల మీ హక్కు పోలేదు. ఆ కాగితం మీరు బండి తీసుకున్నారని, పైకి కనిపించినంత వరకు చూసుకున్నారని చెప్తుంది. మూడు వారాల తర్వాత పైకొచ్చిన పొక్కుని ఆ రోజు మీరు చూసి ఒప్పుకున్నారని ఎవరూ అనలేరు. రంగు తేడా విషయంలో మాత్రం అది మీకు కొంచెం అడ్డమే, అందుకే ఫిర్యాదులో పొక్కుల్నీ తలుపునీ ముందు పెట్టి రంగుని మూడోది చేయండి.

ఇప్పుడు రాతపని. ఫోన్లో మాట్లాడింది గాలికి పోతుంది. ముందు ఫొటోలు: పొక్కు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరగా ఒకటి, బండి నంబరు కనిపించేలా దూరంగా ఒకటి. అసలు ఫొటోలు ఫోన్లో అలాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. తర్వాత షాప్ మేనేజర్‌కీ, అది కంపెనీ షోరూమ్ వాళ్ళదైతే కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కీ, ఇన్సూరెన్స్ కంపెనీకీ ఒకే ఈమెయిల్. కోపం వద్దు, ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా జాబ్ కార్డ్ నంబరు మీద నా బండికి పని చేశారు. కింది మూడు లోపాలు గమనించాను, ఫొటోలు జతచేశాను. వెనక ఎడమ ప్యానెల్ రేకు దాకా తీసి మళ్ళీ పెయింట్ చేయాలి, ఆ పని మధ్యలో నేను రెండుసార్లు వచ్చి చూస్తాను. వెనక తలుపు అమరిక, రబ్బరు నా ఎదుట తనిఖీ చేయాలి. తలుపుల రంగు ముందు ఫెండర్‌తో బ్లెండింగ్ చేసి సరిచేయాలి. దీనికి నేను అదనంగా ఏమీ చెల్లించను. ఏడు రోజుల్లో తేదీ ఇవ్వగలరు. ఫోన్ సంభాషణలు కాకుండా జవాబు రాతలో కోరుతున్నాను."

తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకటే. నా అనుభవంలో సగం పైన కేసులు ఈ మెయిల్ దగ్గరే తెగిపోతాయి. భయపడి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ కాపీలో ఉండబట్టి. క్యాష్‌లెస్ లిస్టులో పేరు ఉండటం ఏ షాప్‌కైనా పెద్ద ఆదాయం.

ఈ దశలో మీకు ఒక తియ్యని మాట చెప్పొచ్చు: "సార్, ఎందుకు గొడవ, గోడకి గీసుకుందని ఇంకో క్లెయిమ్ వేద్దాం, మొత్తం సైడ్ కొత్తగా చేసిస్తా." ఒప్పుకోకండి. అది అబద్ధపు క్లెయిమ్, సంతకం మీది. వాళ్ళ తప్పు మీ పాలసీ ఖాతాలో పడుతుంది. చాలా జీరో డెప్ పాలసీల్లో (భాగాల అరుగుదల తగ్గించకుండా క్లెయిమ్ ఇచ్చేవి) ఏడాదికి ఇన్ని క్లెయిములే అని లెక్క ఉంటుంది, రేపు నిజంగా గుద్దుకుంటే అది మీకు అందకపోవచ్చు.

ఇన్సూరెన్స్ ఇచ్చింది పోగా బిల్లులో మీ వాటా మీరు ఇప్పటికే కట్టేశారు. ఇంకా కట్టనివాళ్ళ కోసం ఒక ముక్క. పని నచ్చలేదని డబ్బు ఆపితే బండి ఇవ్వరు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ చేసిన పనికి కూలి అందేదాకా వస్తువుని తమ దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఇచ్చింది. అక్కడ అరుచుకోవడం కన్నా డబ్బు కట్టి, బిల్లు మీదా గేట్ పాస్ మీదా "లోపాల మీద అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, ఆ లోపాలు రెండు లైన్లలో రాసి, ఫొటో తీసుకుని బయటికి రండి. యూపీఐలోనో కార్డులోనో కట్టండి, నగదు వద్దు. జీఎస్టీ బిల్లు లేకుండా, చీటీ మీద లెక్క రాసిచ్చే చోట పని చేయించుకుంటే రేపు ఏ వేదిక ముందుకెళ్ళినా మీ దగ్గర చూపించడానికేం ఉండదు.

ఏడు రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదుని షాప్ ముందు పెట్టి జవాబు అడుగుతారు. దానికీ లొంగకపోతే స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట గానీ పనిచేసే చోట గానీ ఉన్న కమిషన్‌లో వేయొచ్చు, షాప్ ఎక్కడుందన్నది అడ్డు కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్ళు. కేసు మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అంత త్వరగా అవుతుందని మాత్రం లెక్కలేసుకోకండి. సొంతంగా క్యాబ్ నడుపుకుని బతికేవాళ్ళు కూడా వినియోగదారులే, "కమర్షియల్ బండి కదా" అని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు.

లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, అక్కడికి వెళ్ళమని మీకు ఎవరో చెప్పారని రాశారు. అక్కడ తేల్చేది మీకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య తగువు. క్లెయిమ్ డబ్బు తక్కువిచ్చారు, తిరస్కరించారు, అలాంటివి. పెయింటర్ చేతిపనికి అది చోటు కాదు, తిరగకండి.

నా నిజమైన అభిప్రాయం అడిగితే, రంగు తేడా ఒక్కటే ఉంటే కమిషన్ దాకా వెళ్ళను. నెలల తరబడి తిరగడం కన్నా వేరే మంచి పెయింటర్‌కి ఇచ్చి చేయించుకుని మరిచిపోతాను. మార్చని భాగానికి బిల్లు వేసినా, స్తంభం దెబ్బ దాచినా మాత్రం వదలను. అప్పుడు లైసెన్స్ ఉన్న స్వతంత్ర సర్వేయర్‌తో రిపోర్ట్ రాయించుకుని, వేరే వర్క్‌షాప్ నుంచి మరమ్మతు ఎస్టిమేట్ తీసుకుని, ఆ మొత్తం, బండి లేని రోజులకి ప్రయాణ ఖర్చు, రిపోర్ట్ ఫీజు అడుగుతాను. మానసిక వేదనకి పది లక్షలని రాసేవాళ్ళున్నారు. అలాంటి అంకె చూస్తే కమిషన్‌కి మిగతా లెక్కల మీద కూడా అనుమానం వస్తుంది.

వాళ్ళు రీవర్క్‌కి ఒప్పుకుంటే కొత్త జాబ్ కార్డ్ రాయించండి, పాతదానిలో కలపనివ్వకండి. బండి ఇచ్చిన రోజు కిలోమీటర్లు, నాలుగు వైపులా ఫొటోలు. పెయింట్ మధ్యలో రెండుసార్లు వెళ్ళండి: పాత పెయింట్ గీకి రేకు కనిపిస్తున్నప్పుడు ఒకసారి, ప్రైమర్ వేశాక ఒకసారి. ఎవరైనా అభ్యంతరం చెప్తే, మెయిల్‌లో ముందే రాశానని చెప్పండి. పెయింటర్‌తో మర్యాదగా మాట్లాడండి, తప్పు చాలాసార్లు అతనిది కాదు, రోజుకి ఇన్ని బళ్ళు బయటికి రావాలన్న పైవాళ్ళది. ఈసారి డెలివరీ ఉదయం పదకొండింటికి, బండి పొడిగా ఉండగా, బయట నీడలో. తెచ్చాక ఒక నెల వ్యాక్స్, కోటింగ్ ఏవీ వేయించకండి, కింద పొరల్లో మిగిలిన ద్రావకం ఆరిపోవాలి.

రేపు పొద్దున్న ముందు ఆ కాగితం ముక్క పరీక్ష చేసి, తలుపు ఎక్కడ ఎక్కడ వదులుగా ఉందో, రబ్బరు కింద ఏం కనిపించిందో ఇక్కడ రాయండి. మెయిల్ ఆ తర్వాత పంపుదురు గాని.